మా అంబాసిడర్‌ను పెట్టుకు కూర్చున్న షెడ్డు యజమాని గారికి

అయ్యా,

మీ పేరు ఇక్కడ రాయడం లేదు. షెడ్డు ఏ ఊరి పొలిమేరలో ఉందో కూడా చెప్పను. ఏలూరు, తాడేపల్లిగూడెం మధ్య హైవే మీద రోజూ తిరిగేవాళ్లు పోల్చుకుంటే పోల్చుకోనివ్వండి. ఈ ఉత్తరం మీ ఒక్కరికే రాసి పోస్టులో వేయొచ్చు. కానీ మీ షెడ్డు వెనక గోడ వారన బరకాలు కప్పి నిలబెట్టిన బళ్లను చూశాక, నాకు ఫోనులో చెప్పిన మాటలే మీరు ఇంకా చాలామందికి చెబుతున్నారని అర్థమైంది. అక్కడ ఒక పద్మిని కారు ఉంది. ఇంజను లేని విల్లీస్ జీపు ఉంది. అద్దాలన్నీ ఊడదీసిన మరో అంబాసిడర్ ఉంది. ఒక్కో బండి వెనక ఒక్కో ఇల్లు ఎదురుచూస్తోంది. అందుకే నలుగురిలో రాస్తున్నాను.

మీకు అప్పగించింది 1973 మోడల్ అంబాసిడర్, మార్క్ 2. మా నాన్నగారు దాన్ని తాడేపల్లిగూడెం రైల్వే స్టేషన్ ముందు బాడుగకు తిప్పారు. ఉల్లిపాయల వ్యాపారులు, రైసుమిల్లుల గుమాస్తాలు, తలనీలాలు ఇవ్వడానికి ద్వారకా తిరుమల వెళ్లే కుటుంబాలు, అర్ధరాత్రి నొప్పులొస్తే ఏలూరు పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సిన ఆడవాళ్లు అందులో ఎక్కారు. మా అక్క పెళ్లి, నా చదువు ఆ బాడుగ డబ్బుల మీదే గడిచాయి. వయసు మీదపడ్డాక ఆయన పర్మిట్ వదులుకుని, దాన్ని సొంత బండిగా మార్పించుకున్నారు. గూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది కదా, దాని మీదే నాకు డ్రైవింగ్ నేర్పారు. స్టీరింగ్ పక్కన ఉండే గేరు రాడ్డు ఏ గేరుకు ఎటు లాగాలో నా చెయ్యి పట్టుకుని చూపించారు. ఆయన పోయాక ఆ బండిని అమ్మమని అడిగినవాళ్లున్నారు. తుక్కు కింద ఇచ్చెయ్యమన్నవాళ్లూ ఉన్నారు. మేము ఇవ్వలేదు.

2023లో మీ దగ్గరికి తేవడానికి కారణం కూడా మీకు చెప్పాను. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో పాత బళ్ల కోసం కొత్త నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన సొంత వాహనం అసలు రూపంలోనే ఉంటే వింటేజ్ బండిగా నమోదు చేస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. నెంబరులో రాష్ట్రం అక్షరాల తరవాత వీఏ అని వస్తుంది. రోజువారీ పనులకు తిప్పకూడదు గానీ ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లవచ్చు. ఒక్కటే పెద్ద షరతు. చాసిస్, బాడీ షెల్, ఇంజను, వీటిలో మార్పులు చేసి ఉండకూడదు. మా బండికి 2023లోనే 50 నిండాయి. మూడు ఇంగ్లీషు అక్షరాల పాత నెంబరు, పుట్టినప్పటి ఇంజను, పుట్టినప్పటి గ్రిల్, అన్నీ దాని మీదే ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు నిలబెట్టండి, కొత్త హంగులు ఏమీ వద్దని అడిగాను. మీరు తల ఊపి అడ్వాన్సు పుచ్చుకున్నారు.

ముందుగా ఆ గ్రిల్ సంగతి మాట్లాడాలి. అంబాసిడర్ అంటే 1957 నుంచి 2014 వరకు ఒకే కారు వచ్చిందనుకుంటారు చాలామంది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ను హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు ఉత్తరపారా ఫ్యాక్టరీలో మన రోడ్లకు తయారుచేశారు. గుండ్రటి ఒళ్లు పెద్దగా మారలేదు, నిజమే. ముఖం మాత్రం మారుతూ వచ్చింది. 1962లో వచ్చిన మార్క్ 2కు సన్నటి గళ్ల గ్రిల్ ఉంటుంది. 1975లో మార్క్ 3 రాగానే అది పోయింది. తరవాతి మోడళ్ల గ్రిల్లులు ఏ పాత సామాను కొట్లో అడిగినా దొరుకుతాయి. మార్క్ 2ది దొరకడం కష్టం. మా బండి మీ షెడ్డులోకి వచ్చిన రోజున ఆ గ్రిల్ దాని ముఖానే ఉంది, ఫోటోలు తీసి పెట్టుకున్నాను. ఇప్పుడు దాని చోట నోవా మోడల్ గ్రిల్ ఒకటి ఆనించి ఉంది. అడిగితే, పాతది సొట్టలు పోయింది, ఇది కొత్తగా ఉంది కదా అన్నారు. సొట్ట పోతే తీయించుకుంటాం. నికెల్ పూత పోతే మళ్లీ పోయిస్తాం. అది ఏ స్థితిలో ఉన్నా మాదే. ఎక్కడ పెట్టారో, ఎవరికి ఇచ్చారో చెప్పాల్సిన బాధ్యత మీది.

ఇక వాయిదాలు. సంక్రాంతికి ఇచ్చేస్తానన్నారు. తీరా పండగ వచ్చేసరికి కుర్రాళ్లందరూ కోడిపందేలకు భీమవరం వైపు వెళ్లిపోయారన్నారు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర అన్నారు. ఎండాకాలం వేడికి పెయింటు సరిగా కుదరదన్నారు. వానాకాలం తేమకు పెయింటు ఆరదన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగింది. ఆ నీళ్లే దిగువకు వచ్చి కొల్లేటి ఊళ్లను చుట్టుముట్టాయి, ఏలూరు–కైకలూరు రోడ్డు ఎక్కాయి. ఆ ఒక్కసారి మాత్రం మీ మాట పూర్తిగా నమ్మాను. నీట మునిగిన కార్లు, ఆటోలు, బైకులతో మెకానిక్ షాపులన్నీ కిక్కిరిసిపోయాయి. బతుకుతెరువు ఆటో మునిగినవాడి పని అయ్యాకే మా పాత కారు పని కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. తరవాత ఇంకో సంక్రాంతి వచ్చి వెళ్లింది. అప్పుడూ మీరు ఆ వరద పేరే చెప్పారు. ఊళ్లు మునిగినవాళ్ల కష్టాన్ని మీ ఆలస్యానికి అడ్డం పెట్టుకోవడం నాకు చాలా బాధ కలిగించింది.

సామాను దొరకడం లేదన్న మాట కూడా నిలబడదు. ఆ బండిలో ఉన్నది బీఎంసీ బి-సిరీస్ ఇంజను, 1489 సీసీ. ఇంగ్లండులో ఎంజీఏ స్పోర్ట్స్ కారుకు పెట్టింది ఈ సిరీస్ ఇంజనే, మొదట్లో అదీ 1489 సీసీయే. ఆ కార్లంటే ప్రాణం పెట్టేవాళ్ల కోసం గ్యాస్కెట్లు, బేరింగులు, పిస్టన్లు అక్కడ ఇప్పటికీ చేస్తున్నారు. అంత దూరం పోనక్కర్లేదు. కలకత్తా మల్లిక్ బజారులో, మద్రాసు పుదుపేటలో అంబాసిడర్ సామాను గుట్టలుగా ఉంటుంది. ఏ వస్తువు దొరకడం లేదో ఒక కాగితం మీద రాసివ్వండి, నేనే వెళ్లి తెస్తానని అడిగాను. ఆ కాగితం ఇప్పటికీ నా చేతికి రాలేదు.

మీరు లేని పూట ఒకసారి షెడ్డుకు వచ్చాను. అక్కడున్న కుర్రాడు పాపం కుర్చీ వేసి, టీ తెప్పించాడు. జేబులో ఒక చిన్న అయస్కాంతం, గీతలు పడకుండా గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాను. టాపు మీద పెడితే అతుక్కుంది. బానెట్ మీద అతుక్కుంది. ఎడమ పక్క తలుపుల కింద, సిల్ మీద పెడితే జారి కింద పడింది. అరచెయ్యంత మేర జరిపి పెట్టినా పడిపోయింది. వేలి కణుపుతో కొట్టి చూశాను. రేకు ఉన్నచోట ఖంగుమంది, అక్కడ మొద్దుగా మోగింది. అడుగున చెయ్యి పెట్టి తడిమితే పైన నున్నగా ఉన్న చోటే కింద రేకు పొరలు పొరలుగా ఊడి వేళ్లకు వచ్చింది. అంటే కుళ్లిన రేకు కోయలేదు, కొత్త రేకు వెల్డింగ్ చేయలేదు. తుప్పు మీదే మందంగా లప్పం పెట్టి, గీకి, ప్రైమర్ కొట్టారు. నాకు వాట్సాప్‌లో పంపిన ఫోటోలో అది తళతళలాడుతూ కనబడింది.

ఇది ఎందుకు ఇంత పెద్ద విషయమో తెలియని పాఠకుల కోసం చెబుతాను. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. నేల రేకు, పక్కల సిల్‌లు, తలుపుల స్తంభాలు అన్నీ కలిసే బండిని మోస్తాయి. సిల్ కుళ్లిందంటే నడుము పోయినట్టే. జాకీ ఎత్తితే రేకులోకి దిగబడిపోతుంది. కొన్నాళ్లకు తలుపులు సరిగా పడవు. పక్కనుంచి ఏదైనా గుద్దితే లోపల కూర్చున్నవాళ్లను కాపాడేది ఏమీ ఉండదు. లప్పం ఉన్నది సొట్ట తీశాక మిగిలిన చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు సరిచేయడానికి. పల్చగా, శుభ్రమైన లోహం మీద పెడితే అది మంచి వస్తువే. తుప్పును దాచడానికి వాడితే తేమను పట్టి ఉంచి, లోపల్లోపలే తినేలా చేస్తుంది.

ఇంకో సంగతి మీకు తెలియక కాదు. మామూలు ప్రైమర్ నీటిని ఆపదు. దాని మీద రంగు పడేదాకా గాలిలో తేమ అందులోంచి రేకులోకి దిగుతూనే ఉంటుంది. మనది కొల్లేటి పక్క. ఒక దిక్కు బుడమేరు, తమ్మిలేరు నీళ్లు, ఇంకో దిక్కు ఉప్పుటేరు, చుట్టూ చేపల చెరువులు, రోడ్ల పొడుగునా ఐసు నీళ్లు కార్చుకుంటూ పోయే చేపల లారీలు. ఇలాంటి చోట బండిని ప్రైమర్ మీద వదిలేసి, గాలి ఆడకుండా బరకం కప్పి, నేల చెమ్మ పైకి లేచే మట్టి మీద నెలల తరబడి నిలబెడితే, చేసిన పని కూడా పాడవుతుంది. ఆలస్యమైతే ఏమైంది, పని బాగా రావాలి కదా అని మీరు అన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. మీరు నిలబెట్టిన ప్రతి వానాకాలమూ ఆ రేకును తింటూనే ఉంది.

ఇంజను మాట వచ్చేసరికి నాకు నిద్ర పట్టదు. బోరింగ్‌కు ఆటోనగర్ పంపామన్నారు. ఏ లేతు షాపు అని అడిగితే మన వాళ్లదే అంటారు. బిల్లు అడిగితే చేతి చిట్టీ ఉందంటారు, అది చూపించరు. ఆ బ్లాకు మీద ఉన్న నెంబరే మా ఆర్సీ పుస్తకంలో ఉంది. దాని బదులు ఇంకో అంబాసిడర్ ఇంజను తెచ్చి కూర్చోబెడితే బండి నడుస్తుంది, నిజమే. నడిచే ఇంజను ఎక్కడైనా కొనుక్కోవచ్చు. వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు వెళ్తే మాత్రం నెంబరు తేడా వచ్చి ఆ తలుపు మూసుకుపోతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి లేకుండా అలాంటి మార్పు చేయడమే తప్పు. ఆ తప్పు మా పేరున పడుతుంది.

మీ షెడ్డు ఎందుకు ఇలా తయారైందో నాకు కొంతవరకు అర్థమైంది. మీ దగ్గర ఒక పెద్దాయన టింకరింగ్ చేసేవారు. సుత్తి, డాలీ పట్టుకుని సొట్ట తీస్తుంటే లప్పం అవసరమే ఉండేది కాదు. ఆయన పనితనం చూసే నేను బండి ఇచ్చాను. కూలి డబ్బులు నెలల తరబడి నిలిచిపోతే ఆయన మానేశారు. ఒక బండి అడ్వాన్సు ముందు బండి సామానుకు, దాని తరవాతి బండి అడ్వాన్సు ఈ బండి కూలికి. కొత్త బళ్లు వస్తున్నంతకాలం ఈ చక్రం తిరుగుతుంది, రావడం మందగించగానే అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. ఈలోగా యాక్సిడెంటు బండి వస్తుంది, ఇన్సూరెన్సు డబ్బు వారాల్లో చేతికొస్తుంది, దాన్ని ముందుకు తోస్తారు. మాలాంటి బళ్లు గోడ వారకు చేరతాయి. మీరు దుర్మార్గులని నేననడం లేదు. మోయలేనంత పని నెత్తిన పెట్టుకున్నారు, ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మొదట్లోనే నా వల్ల కావడం లేదండీ, బండి తీసుకెళ్లండి అని ఉంటే మీ మీద గౌరవం అలాగే ఉండేది.

పాత బళ్ల పనిలో అంచనాలు తప్పుతాయని నాకు తెలుసు. రంగు గీకాక గానీ లోపల ఎంత తుప్పుందో బయటపడదు. యజమానులు కూడా మధ్యలో మనసు మార్చుకుంటారు, డబ్బు సర్దలేక మొహం చాటేస్తారు. అందుకే మంచి షాపులవాళ్లు విప్పకముందే ఫోటోలు తీస్తారు. విప్పిన ప్రతి భాగానికీ చీటీ కట్టి విడివిడిగా పెడతారు. రంగు గీకి, ఉత్త రేకు తేలాక యజమానిని పిలిపించి చూపించి, అప్పుడు రెండో అంచనా రాసిస్తారు. కోసిన చోట కొత్త రేకు పడ్డాక, ప్రైమర్ కొట్టకముందు మళ్లీ పిలుస్తారు. డబ్బు పని పూర్తయిన మెట్టును బట్టి తీసుకుంటారు. తీసేసిన పాత భాగాలన్నీ సంచిలో కట్టి అప్పగిస్తారు. ఇందులో లక్షల పెట్టుబడి ఏమీ లేదు. మీ షెడ్డులో మా బండి బోల్టులు, తలుపుల పిడులు, అద్దాల హ్యాండిళ్లు, ఇంకెవరి బండివో స్క్రూలు, అన్నీ ఒకే ఖాళీ పెయింటు డబ్బాలో వాన నీళ్లలో నానుతున్నాయి. అవి ఏ బండివో ఇప్పుడు మీరే చెప్పలేరు.

పోయిన నెల మీరు ఫోనులో అన్న మాట వల్లే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది. మిగతా డబ్బు మొత్తం కడితేనే బండి కదులుతుందన్నారు. లేకపోతే రోజుకింత చొప్పున పార్కింగు వేస్తామన్నారు. మరమ్మతుకు తీసుకున్న వస్తువును డబ్బు అందేదాకా అట్టిపెట్టుకునే హక్కు మెకానిక్‌కు ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. అందులో ఇచ్చిన ఉదాహరణ కూడా చదవండి. సానపెట్టమని ఇచ్చిన పచ్చి వజ్రాన్ని నగల వర్తకుడు సానపెట్టాడు, కాబట్టి ఆ పనికి తగిన డబ్బు వచ్చేదాకా ఉంచుకోవచ్చు. పని చేసినవాడికి ఆ హక్కు. ఒప్పుకున్న పని చేయకుండా, వస్తువును పాడుచేసి, ఇంకా డబ్బు తెమ్మనడానికి ఆ సెక్షన్ పనికిరాదు. అదే చట్టంలో 151వ సెక్షన్ ఉంది. మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా అప్పగించిన వస్తువును చూడాలంటుంది. 161 ఉంది. సమయానికి తిరిగి ఇవ్వకపోతే ఆనాటి నుంచి జరిగే నష్టానికి తీసుకున్నవాడే బాధ్యుడంటుంది. పార్కింగు ఎవరు ఎవరికి కట్టాలో మీరే ఆలోచించండి.

ఇంకా తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉంది. ఏలూరులోనే జిల్లా కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు ఉండి తీరాలనీ లేదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఇది మీ గోడ వారన బళ్లున్న మిగతా కుటుంబాలవాళ్లకు చెబుతున్నాను. మాట మీద మాట వింటూ కూర్చుంటే ఆ రెండేళ్లు తెలియకుండా గడిచిపోతాయి. ఇచ్చిన ప్రతి రూపాయికీ ఫోన్‌పే రికార్డు దాచుకోండి. వాట్సాప్ మాటలు చెరిపెయ్యకండి. బండి ఇప్పుడు ఏ స్థితిలో ఉందో తేదీ కనబడేలా ఫోటోలు తీసుకోండి. సలహా కావాలంటే 1915కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీతో గొడవపడి కోర్టు పక్షిని కావాలని నాకు లేదు. బండి పూర్తి చేసి ఇవ్వమని కూడా ఇక అడగను. ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్యండి. వచ్చే ఆదివారం ఉదయం ట్రాలీ తీసుకుని వస్తాను. ఈలోగా ఇంజను బ్లాకును ఆటోనగర్ నుంచి తెప్పించి, నెంబరు నాకు కనబడేలా తుడిచి బండి పక్కన పెట్టించండి. గళ్ల గ్రిల్ ఎవరి దగ్గరున్నా వెనక్కి తెప్పించండి, విరిగినా వంగినా సరే. ఆ డబ్బాలో ఉన్నవి ఏరి, మావేవో మీ కుర్రాడి చేత వేరు చేయించండి. నేనూ కూర్చుని ఏరతాను. ఏ పని చేశారో, ఏ సామాను కొన్నారో, ఎంత ఖర్చయిందో ఒక కాగితం మీద రాసి సంతకం చేయండి. నిజంగా చేసిన పనికి రావాల్సింది ఇంకా ఏమైనా ఉందని ఆ లెక్కలో తేలితే అక్కడికక్కడే ఇచ్చి వెళ్తాను. మీ దగ్గర మానేసిన పెద్దాయన ఇప్పుడు గూడెంలో తన ఇంటి ముందు చిన్న పాక వేసుకుని పని చేస్తున్నారు. ఆయన కూలి బాకీ కూడా ఆ రోజే తీర్చెయ్యండి. ట్రాలీ నేరుగా ఆయన పాక దగ్గరికే వెళ్తుంది.

ఇట్లు,
1973 అంబాసిడర్ తాలూకు మనిషి,
ఏలూరు